వసారాకి రాని ఊరు

పొయ్యి మీద పాలు పెట్టి పాలవైపు చూడకుండా ఉండగలిగేది ఆ ఇంట్లో బుజ్జమ్మ ఒక్కతే. సోమవారం వచ్చిందంటే ఆమె చూపంతా వంటింటి కిటికీలోంచి ముందు వసారా మీదే ఉంటుంది. ఆ రోజు ఎమ్మెల్యేగారు జనాన్ని కలిసే రోజు మరి. ఆయన లోకానికి ఎమ్మెల్యేగారు, ఆమెకి మొగుడు. ఆమె లోకానికి అమ్మగారు, కాలేజీకెళ్ళే కూతురున్నా పుట్టింటికి మాత్రం ఇంకా బుజ్జమ్మే.

వసారాలో బల్లలన్నీ అప్పుడే నిండిపోయాయి. బోరు ఎండిపోయినవాడు, పెన్షన్ ఆగిపోయిన ముసలాయన, బడి కప్పు కారుతోందని వచ్చినవాళ్ళు, అందరూ వచ్చిన వరసలో సర్దుకుని కూర్చున్నారు. ఓ పక్కన కుర్చీలో ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ముందు బల్ల మీద, ఎప్పటిలాగే, టీచరమ్మ. ఆమెని చూడగానే బుజ్జమ్మ గుండెలో చుర్రుమంది. వెనక పొయ్యి మీద పాలు కూడా చుర్రుమన్నాయి.

"పాలు పొంగాయే అమ్మాయ్," అంది అత్తగారు తన గదిలోంచి కదలకుండానే. "వసారాలోకి ఎవరొచ్చారో నువ్వు తొంగి చూడక్కర్లేదు, నన్నడుగు. ఈ ఇంట్లో పాలు మాడిన వాసనొచ్చిందంటే ఆ పిల్ల వచ్చినట్టే."

ఆ పిల్ల ఎగువూరి బడిలో పాఠాలు చెప్తుంది. ఒకప్పుడు ఎమ్మెల్యేకి ఆమెనే అనుకున్నారు. మాటల దాకా వచ్చి, పెద్దవాళ్ళ పట్టింపులతో ఆగిపోయింది. ఆ సంగతి అత్తగారే, కొత్త కోడలితో కలిసి ఉల్లిపాయలు ఒలుస్తూ నోరు జారింది. ఆ ఘాటు బుజ్జమ్మ కళ్ళలోంచి ఇన్నేళ్ళయినా పోలేదు. టీచరమ్మకి పెళ్ళయింది, పిల్లలున్నారు, తలలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. అయితే ఏం? తెల్లవెంట్రుకలు కూడా ఆవిడకి బాగానే ఉన్నాయే అని బుజ్జమ్మ ఏడుపు.

ఇంతలో వసారాలోంచి నవ్వు వినిపించింది. ఎమ్మెల్యే నవ్వు, గుండె నిండా నవ్వే నవ్వు. ఇంట్లోకొస్తే ఆయన తినడం, పడుకోవడం, ఫోన్ చూసి నిట్టూర్చడం, ఇంతే. ఆ నవ్వు ఎప్పుడూ గుమ్మం అవతలే ఆగిపోతుంది. బుజ్జమ్మ మాడిన గిన్నెని పీచుతో తోముతుంటే ఆ గిన్నె ఏం పాపం చేసిందో అనిపించేలా ఉంది.

సరిగ్గా అప్పుడే దొడ్డి తలుపు మెల్లగా చప్పుడైంది. అన్నయ్య. చెప్పులు బయట విప్పి, తడిసిన ప్యాంటు అంచులు దులుపుకుంటూ, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు లోపలికొచ్చాడు. వెనక ఊరి పెద్దమనిషి కూడా ఉన్నాడు. బుజ్జమ్మ మొహం ఒక్కసారిగా విప్పారింది. పుట్టింటివాళ్ళు వసారాలో ఆ గుంపులో కూర్చోవడం ఆమెకి నచ్చదు. ఎమ్మెల్యే బావమరిది ముందు గుమ్మంలో చేతులు కట్టుకుని కూర్చుంటే చూసేవాళ్ళేమనుకుంటారు? అందుకే తను పుట్టిన దిగువూరి నుంచి ఎవరొచ్చినా తిన్నగా వంటింట్లోకే. ఫలహారం పెడుతుంది, కాఫీ ఇస్తుంది, మళ్ళీ కొంచెం పెడుతుంది, వద్దంటే కోప్పడుతుంది. వచ్చిన పని గురించి మాత్రం, నేను చూసుకుంటాగా, మీరెందుకు అడగడం, అంటుంది.

దిగువూరివాళ్ళకీ అదే గౌరవంగా ఉండేది. ఎమ్మెల్యేగారి వంటింట్లో కూర్చుని తిని వచ్చాం అంటే ఊళ్ళో ఓ వారం చెప్పుకోవచ్చు. పైగా అల్లుడి దగ్గర చేయి చాపడం వాళ్ళకి నామోషీ.

వచ్చిన పని ఎప్పుడూ ఒక్కటే. వంతెన. ఎగువూరు, దిగువూరు రెండూ ఒకే ఏటి పక్కన ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. రెంటికీ వంతెన లేదు. వానలు పడితే బడి పిల్లలు, పాలవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు, అందరూ నడుం లోతు నీళ్ళలో దిగాల్సిందే, లేదా చుట్టూ తిరిగి సగం పూట పోగొట్టుకోవాల్సిందే. పోయిన వారం దర్జీవాళ్ళ ముసలమ్మని భుజాల మీద మోసుకుంటూ దాటించారని, మధ్యలో ఒకడి కాలు జారితే ముసలమ్మ నీళ్ళలో పడబోయిందని అన్నయ్య చెప్పాడు. ఈ ఏడాది ఈ నియోజకవర్గానికి ఒక్క వంతెనకే డబ్బులిస్తారట, ఎమ్మెల్యే దాని కోసమే రాజధాని చుట్టూ తిరుగుతున్నాడు. అది ఏ ఊరికి అన్నదే ఇప్పుడు మాట.

"ఇంకెవరికిస్తారన్నయ్యా," అంది బుజ్జమ్మ. "మనింటి మనిషి చేతిలో ఉంటే."

అన్నయ్య తల వంచుకుని కాఫీ ఊదుకున్నాడు. వసారావైపు ఓ చూపు చూసి, ఓసారి ముందుకెళ్ళి ఇంజనీరుగారితో కూడా ఓ మాట చెప్తే బాగుంటుందేమో అని గొణిగాడు. నేనుండగా నీకు ఇంజనీరెందుకు, అని బుజ్జమ్మ అతని పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించింది.

రాజధానిలో మంత్రిగారి గది బయట బెంచీ మీద కూర్చుని కూర్చుని ఎమ్మెల్యే నడుము పట్టేసింది. పొద్దున వెళ్తే సాయంత్రం రమ్మంటారు, సాయంత్రం వెళ్తే మంత్రిగారు వెనక తలుపులోంచి వెళ్ళిపోయారంటారు. అలా వెళ్ళీ వెళ్ళీ గురువారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాడు. గొంతులో అలసట, ఆనందం కలిసిపోయి ఉన్నాయి. వంతెన మంజూరైందని చెప్పాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, ఫోన్ పెట్టేశాడు.

బుజ్జమ్మ ఆగలేదు. ఏ ఊరికని అడగాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి వచ్చేసిందిరా అంది. అన్నయ్యని ఆనందంలో రా అనడం ఆ ఇంట్లో మామూలే. అరగంటలో దిగువూరంతా తెలిసిపోయింది. ఏటి గట్టున జనం చేరి వంతెన ఎక్కణ్ణుంచి ఎక్కడికి వేస్తారో చేతులతో గాల్లో కట్టేశారు. దర్జీవాళ్ళ ముసలమ్మ ఫోన్ తీసుకుని మరీ, నువ్వు చల్లగా ఉండాలి తల్లీ, అంది. పుట్టిన ఊరు దీవిస్తే ఏ ఆడపిల్లకైనా కాళ్ళు నేల మీద ఆగుతాయా? బుజ్జమ్మ సాయంత్రం దాకా తేలుతూనే ఉంది.

ఆ రాత్రి ఎమ్మెల్యే వచ్చి, స్నానం చేసి, పళ్ళెం ముందు కూర్చున్నాడు. పని ఎప్పుడు మొదలవుతుందని ఆమె మురిపెంగా అడిగింది. వానలు తగ్గగానే అన్నాడు ఆయన. ఎగువూరివాళ్ళకి రేపు పొద్దున కబురు పంపాలి, పాపం ఎదురుచూస్తుంటారు, అని కూడా అన్నాడు.

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎగువూరికా?"

"అవును. ఎందుకలా చూస్తావు?"

బుజ్జమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తర్వాత గట్టున నిలబడిన తన ఊరంతా కళ్ళ ముందు కదిలింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంది. కట్టుకున్న పాపానికి తన పుట్టిల్లు నీళ్ళలో దిగి నడవాలి, ముందు బల్ల మీద కూర్చున్నవాళ్ళు వంతెన మీద నడవాలి, అంది. ఆయన ఓపిగ్గా వింటున్నాడు. ఆ ఓపికే ఆమెని మరీ మండించింది.

"మీకు ఆవిడ మొహం చూస్తేగానీ పని నడవదు. అంత ఇదుంటే అప్పుడే చేసుకోవాల్సింది. మధ్యలో నన్నెందుకు తెచ్చారు?"

పక్క గదిలో అత్తగారి టీవీ టక్కున ఆగిపోయింది. ఎమ్మెల్యే చెయ్యి కడుక్కున్నాడు. ఆయన గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేదని ఆమెకి అనిపించింది.

"మీ ఊరికి వంతెన కావాలని నన్నెవరడిగారు?"

"నేనడగలేదా? ఎన్నిసార్లు అడిగాను?"

"అడిగావు. వడ్డిస్తూ అడిగావు, పడుకోబోతూ అడిగావు. రాజధానిలో వాళ్ళు నన్ను రెండే అడుగుతారు. జనం ఏమన్నారు, ఇంజనీరు చూసి ఏమన్నాడు. మా ఆవిడ అడిగిందని చెప్పనా? వసారాలో అందరి ముందు అడిగిన చోటికే ఇంజనీరు వెళ్తాడు, ఏరు ఎంత వెడల్పో, కింద రాయి ఉందో ఇసుకుందో చూస్తాడు. మీ ఊరి ఏటిని ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు. కొలవని చోట వంతెన ఎలా తెస్తాను?"

ఆ ముక్క ముందే ఏడవచ్చుగా అంది ఆమె. ఏడ్చాననే అన్నాడు ఆయన. మీవాళ్ళని ముందు వైపు రమ్మను అని ఎన్నోసార్లు చెప్పానని, మావాళ్ళు ఆ గుంపులో కూర్చోవాలా అని ఆమే ఒంటికాలి మీద లేచిందని గుర్తుచేశాడు. అది నిజమే. నిజమని తెలిసే ఆమె భోరుమంది. కానీ ఒప్పుకోలేదు. మనసులో ముల్లు వంతెనది కాదు కదా, ఆ నవ్వుది.

మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పడం ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని అయింది. అన్నయ్య నిష్ఠూరమాడలేదు. పోనీలే బుజ్జమ్మా, నువ్వు బాధపడకు, ఊళ్ళోవాళ్ళకి నేను చెప్పుకుంటాలే, అన్నాడు. తిట్టినా బాగుండేది. కళ్ళు తుడుచుకుని, వచ్చే సోమవారం రానీ, అనుకుంది. ఆ రానీ అన్నది ఎవరి గురించో చెప్పక్కర్లేదు.

సోమవారం టీచరమ్మ ఒంటరిగా రాలేదు, వెనక సగం ఎగువూరు ఉంది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. ఎమ్మెల్యే ఇంకా లోపల తయారవుతున్నాడు. బుజ్జమ్మ చేతులు తుడుచుకుని, ఎప్పుడూ లేనిది, వంటింటి తలుపు దాటి, హాలు దాటి, ముందు వసారాలోకి నడిచింది. వెనక నుంచి అత్తగారు వద్దే అమ్మాయ్ అంటూనే ఉంది.

"సంతోషమండీ," అంది బుజ్జమ్మ, అందరికీ వినిపించేలా. "పాత పరిచయాలు ఊరికే పోవు. బాగానే పనికొచ్చాయి."

పెన్షన్ ముసలాయన దగ్గు కూడా ఆపుకున్నాడు. టీచరమ్మ మొహం ఎర్రబడింది, మళ్ళీ మామూలైంది. లేచి నిలబడింది. పిల్లలకి కష్టమైన లెక్క చెప్పేటప్పుడు నిదానంగా మొదలెట్టే గొంతుతో మొదలెట్టింది.

"పరిచయం ఉంది కాబట్టే నేను ఈ బల్ల దాటి లోపలికి రాలేదండీ. మీ అత్తగారు ఎన్నిసార్లు పిలిచారో అడగండి. మొదట్లో ఓసారి ఎవరి పెళ్ళిలోనో ఎమ్మెల్యేగారు కనబడితే పక్కకి పిలిచి వంతెన గురించి చెప్పాను. తలూపారు, అంతే. మా ఊళ్ళో మాత్రం ఆ పక్కకి పిలవడం గురించి నెలల తరబడి చెప్పుకున్నారు. మా ఆయన చెవిన కూడా వేశారు. అప్పట్నుంచి నేను ఆయనతో ఏం మాట్లాడినా అందరికీ వినబడేలా మాట్లాడతాను. ముందు బల్ల మీద కూర్చునేది అందుకే. వెనక కూర్చుంటే అరవాలి కదా."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. బుజ్జమ్మకి నోరు విప్పితే ఏడుపొచ్చేలా ఉంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మరి పోయిన వారం అంత నవ్వేమిటని అడిగేసింది. అడిగాక నాలుక కరుచుకుంది, కానీ మాట అప్పటికే వసారా అంతా పాకిపోయింది.

"అది నా వల్లేనమ్మా," అన్నాడు పెన్షన్ ముసలాయన సిగ్గుపడుతూ. "బస్సు మా ఇంటి అరుగు ముందు ఆగాలని అడిగాను. ఎక్కి ఎక్కడికెళ్తావు తాతా అన్నారు అయ్యగారు. ఎక్కడికీ వెళ్ళనయ్యా, ఎవరెవరు వెళ్తున్నారో చూస్తూ కూర్చుంటానన్నాను."

ఈసారి వసారా అంతా పగలబడి నవ్వింది. తలుపు దగ్గర నిలబడిన ఎమ్మెల్యే కూడా నవ్వాడు, అదే నవ్వు, గుండె నిండా. ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. బుజ్జమ్మ ఆ నవ్వుని మొదటిసారి ఇవతలి వైపు నుంచి విన్నది. అది ఎవరి ఒక్కరి కోసమూ కాదు. ఇన్నేళ్ళు కిటికీ తెర వెనక నిలబడి తాను కాపలా కాసింది దేనికి? అందరికీ పంచేదాన్ని ఒకరికే దోచిపెడుతున్నాడని కుళ్ళిపోయింది. తనవాళ్ళని గౌరవించానని మురిసిపోయింది, వాళ్ళ నోటికి కాఫీ కప్పు అడ్డం పెట్టింది. ఆమె టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. టీచరమ్మ రెండో చెయ్యి దాని మీద వేసింది.

తర్వాత వారం దిగువూరివాళ్ళని ముందు గేటులోంచి రమ్మని కబురు పంపింది. వాళ్ళు వచ్చారు గానీ గేటు దగ్గరే నిలబడిపోయారు. ఊరి పెద్దమనిషి మొహం మాడ్చుకున్నాడు. మా పిల్లనిచ్చిన ఇంటి ముందు మేం అర్జీ పట్టుకుని కూర్చోవాలా, ఇంతకన్నా ఏట్లో పడి కొట్టుకుపోవడం నయం, అన్నాడు. అన్నయ్య అటూ ఇటూ చూస్తూ, దొడ్డి తలుపు తీసి ఉందా అని నెమ్మదిగా అడిగాడు.

"తాళం వేశాను," అంది బుజ్జమ్మ. "బాబాయ్, నీకు నామోషీ అయితే నా వెనక కూర్చో. ముందు నేను కూర్చుంటాను."

అని తిన్నగా వెళ్ళి వెనక బల్ల మీద, వచ్చిన వరసలో, కూర్చుంది. బడి కప్పువాళ్ళు అమ్మగారిని చూసి లేవబోతే కూర్చోండి కూర్చోండి అంది. కాసేపటికి బల్ల కిర్రుమంది, పక్కన అన్నయ్య. ఇంకాసేపటికి పెద్దమనిషి. ఒక్కొక్కరుగా దిగువూరు వసారాలోకొచ్చింది.

వంతు వచ్చేసరికి ఎండ మెట్ల దాకా పాకింది. ఎమ్మెల్యే తలెత్తి పెళ్ళాన్ని చూశాడు. చెప్పమ్మా, ఏ ఊరు, అన్నాడు. ఆమె ఎన్నో మాటలు అనుకుని వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి దర్జీవాళ్ళ ముసలమ్మ, జారిన కాలు, అవే వచ్చాయి. నీళ్ళ లెక్క దగ్గరికొచ్చేసరికి ఆమె అన్నయ్యవైపు చూసింది, మిగతాది అతను అందుకున్నాడు. నోట్లో నాలుక లేదనుకున్న అన్నయ్య, ఏటి నీరు ఏ నెలలో ఎంతొస్తుందో, ఏ రాయి దగ్గర సుడి తిరుగుతుందో, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంజనీరు కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగాడు.

వచ్చే ఏడాదికి అడగగలను, వస్తుందని మాట ఇవ్వలేను, అన్నాడు ఎమ్మెల్యే, అందరికీ చెప్పే గొంతుతోనే. బుజ్జమ్మకి ఆ గొంతు ఈసారి పరాయిగా అనిపించలేదు. ఇంజనీరు ఇవాళే వెళ్ళి చూద్దాం అన్నాడు. ఎమ్మెల్యే కూడా చెప్పుల కోసం వెతుక్కుంటుంటే ఆమె అడ్డం నిలబడింది.

"మీరు రాకండి. మీరొస్తే అల్లుడొచ్చాడని ఊరంతా పొయ్యిలు వెలిగిస్తుంది. తిని తిరిగొస్తాం, ఏరు చూడం."

ఆయన నవ్వాడు. అది ఆమె కోసమే నవ్విన నవ్వు, కాదనడానికి ఎవరికీ వీల్లేదు.

పై ఊళ్ళో నీళ్ళెలా వస్తాయో చెప్తానని టీచరమ్మ కూడా జీపెక్కింది. ఆమె బుజ్జమ్మ పక్కనే కూర్చుంది. నిజం చెప్పాలంటే బుజ్జమ్మకి ఆవిడ తెల్లవెంట్రుకల మీద కొంచెం అసూయ ఇంకా ఉంది, ఏ రంగూ వెయ్యకుండా అంత నిగనిగలాడితే ఎవరికుండదు. ఏం నూనె రాస్తారండీ అని అడిగేసింది. దారి పొడుగునా అదే కబుర్లు.

ఏటి గట్టున ఇంజనీరు టేపు విప్పి, ఓ కొస ఎవరైనా అవతలికి తీసుకెళ్ళాలన్నాడు. అన్నయ్య చెప్పులు విప్పబోయాడు. బుజ్జమ్మ అప్పటికే ఆ కొస పట్టుకుని నీళ్ళలో దిగింది. మోకాళ్ళ దాకా, తర్వాత తొడల దాకా. చల్లదనానికి ఒళ్ళు జల్లుమంది, కాళ్ళ కింద రాళ్ళు కదిలాయి, నీరు పక్కకి లాగుతోంది. అప్పుడు తట్టింది ఆమెకి. పెళ్ళయ్యాక పుట్టింటికి ఎప్పుడొచ్చినా కారులో, చుట్టుతోవనే వచ్చింది. ఈ ఏట్లో అడుగు పెట్టడమే మర్చిపోయింది. వంతెన వంతెన అని మొగుడి ప్రాణం తీసిందే గానీ, ఈ లాగుడు ఎలా ఉంటుందో ఆమె ఒంటికే గుర్తులేదు. కళ్ళలోంచి నీళ్ళు జారి ఏట్లో కలిసిపోయాయి, ఎవరికీ కనబడలేదు.

ఇవతలి గట్టున రెండో కొస టీచరమ్మ పట్టుకుని ఉంది. టేపు రెండు గట్ల మధ్య గాల్లో ఊగింది.

"గట్టిగా పట్టుకోండి, లాగుతున్నాను," అంది టీచరమ్మ.

"లాగండి," అంది బుజ్జమ్మ, అవతలి రాయి మీద కాలు బిగించి. "నేను వదలను."